తీపి ఉపాసం

ఇది రాయడానికి కూర్చోవడం నాలుగోసారి. మూడుసార్లూ రెండు పేజీలు నింపి, లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగి, వచ్చి చించేశాను. చించిన ప్రతిసారీ కారణం ఒకటే. రాసిన దాంట్లో నేను మంచివాడిలా కనబడుతున్నాను. అందుకని ఈసారి ముందే చెప్పేస్తున్నాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, జగిత్యాలలో మా కాలేజీ గేటు ముందు వేసిన దీక్షా శిబిరంలో ఒక మనిషి దొంగచాటుగా తిన్నాడని నేను రాశాను. ఆయన తినలేదు. నేను రాసింది రెండు వాక్యాలే. వాటిని దిద్దడానికి ఇన్నేళ్లు పట్టింది.

అప్పుడు నేను ఆ విశ్వవిద్యాలయ కాలేజీలో జూనియర్ అసిస్టెంటుని. సారంగాపూర్ వైపున్న మా ఊరి నుంచి రోజూ బండి మీద వచ్చేవాణ్ణి. సర్వీసు రిజిస్టర్లు, సెలవు దరఖాస్తులు నా అసలు పని. చేతిరాత బాగుంటుందని ఇంకా కొన్ని పనులు నాకు తగిలించారు. మొదటిది, నెలకోసారి తెచ్చే ‘క్యాంపస్ ముచ్చట్లు’. ఒకే కాగితం, రెండు వైపులా చేతిరాత. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు రిటైరవుతున్నారు, ఎవరి తాళంచెవుల గుత్తి క్యాంటీనులో దొరికింది, ఇవే వార్తలు. జిరాక్సులు తీసి ఒకటి నోటీసు బోర్డుకు అంటించి, మిగతావి డిపార్ట్‌మెంట్లకు పంపేవాణ్ణి. కాగితం అడుగున ‘కొస ముచ్చట’ అని రెండు వాక్యాలు మాత్రం నా సొంతం. పేరు పెట్టకుండా ఎవరో ఒకరి మీద చమత్కారం. జనం ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదివేవారు. అది నాకు తెలుసు. గర్వంగా ఉండేది.

రెండో పని, ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం. విశ్వవిద్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. కూర్చుని చేసే ఉద్యోగాల వల్ల బీపీలు, షుగర్లు పెరుగుతున్నాయనీ, ప్రతి కాలేజీలో ఉద్యోగుల బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర చూసి నమోదు చేయాలనీ, పొద్దున్నే అరగంట నడిపించాలనీ అందులో ఉంది. ఒక బరువు మిషను, ఒక బీపీ మిషను, వేలు గుచ్చి చక్కెర చూసే చిన్న మిషను వచ్చాయి. బరువు మిషనును వరండాలో పెట్టిన మొదటి రోజు మా టైపిస్టు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “ఇన్నొద్దులు మార్కెట్ల పత్తినే తూకమేసిండ్రు, ఇగ మనల్ని గూడ ఏస్తరా? తేమ ఎక్కువున్నదని కోత పెట్టరు గద?” అన్నాడు. అప్పటి నుంచి ఆ కార్యక్రమానికి మా దగ్గర ‘తూకం ప్రోగ్రాం’ అనే పేరు పడిపోయింది.

చక్కెర పరీక్షకు గురువారం పెట్టాం. ప్రభుత్వ ఆస్పత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చి వేళ్లు గుచ్చేది. సర్క్యులర్‌లో ‘ఫాస్టింగ్’ అని ఉన్నచోట నేను నోటీసులో ‘ఉపాసం’ అని రాశాను. ‘గురువారం ఉద్యోగులందరూ ఉపాసంతో హాజరు కావలెను.’ దానికీ టైపిస్టు వదల్లేదు. “గిది గురువారం ఉపాసమా, సర్కారు ఉపాసమా సార్? పండ్లు పాలు నడుస్తయా?”

నవ్వుకున్నాం. కానీ ఆ మాటే తర్వాత నా చేతిలో కత్తి అయింది. ఎందుకంటే అప్పటికే మా గేటు ముందు ఇంకో ఉపాసం నడుస్తోంది. ఊరూరా రిలే దీక్షలు మొదలైన రోజులవి. మా ఉద్యోగులు కూడా టెంటు వేశారు. రోజుకు ఐదుగురు సెలవు పెట్టి పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా అన్నం ముట్టకుండా కూర్చోవాలి. మంచినీళ్లు తాగొచ్చు. సాయంత్రం పూలదండ వేసి నిమ్మరసం ఇచ్చి లేపుతారు. ఏ రోజు ఎవరు కూర్చున్నారో రాసే పని కూడా, మళ్లీ చేతిరాత పుణ్యాన, నాదే. రెండు నోటు పుస్తకాలు ఎందుకని నేను ఒకదాంట్లోనే రాసేవాణ్ణి. ఎడమ పేజీలో టెంటులో కూర్చున్నవాళ్లు. కుడి పేజీలో చక్కెర చూపించుకున్నవాళ్లు. రెండు పేజీల పైనా ఒకటే శీర్షిక: ఉపాసం.

ఇప్పుడు ఆయన గురించి చెప్పాలి. కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. నాకంటే పదేళ్లు పెద్ద. కోరుట్ల నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. మాతో మా తెలుగే. అందరం ఆయన్ని భాయ్ అనేవాళ్లం. ఆయన నన్ను ‘ఎడిటర్ సాబ్’ అనేవాడు. ఆ పిలుపులో కొంచెం వెటకారం ఉందని తెలిసినా నాకు ఇష్టంగానే ఉండేది. విద్యార్థులు ఏదైనా లవణం పేరు తేల్చలేక గంటసేపు పరీక్షనాళికలు వేడిచేస్తుంటే, ఈయన దగ్గరికి వచ్చి ఒక్కసారి వాసన చూసి పేరు చెప్పేసేవాడు. “నాకు సదువు లేదు గని ముక్కున్నది” అనేవాడు. ఆ ముక్కు సంగతి మళ్లీ వస్తుంది.

భాయ్ టెంటులో కూర్చున్నది ఒక గురువారం. ఆరోజు రాస్తారోకోల వల్ల ఆస్పత్రి నుంచి నర్సమ్మ రాలేకపోయింది. మిషను నా బీరువాలో ఉంది. ఆమె చేస్తుంటే నాలుగు వారాలు పక్కన నిలబడి చూశాను కనుక నాకూ వచ్చేసిందనుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి ఆ డబ్బా పట్టుకుని టెంటులోకి వెళ్లాను.

“ఎట్లాగు ఉపాసమే ఉన్నరు గద. ఒక్కసారి ఏలు ఇయ్యిండ్రి, తూకం ప్రోగ్రాం లెక్క గూడ అయిపోతది” అన్నాను.

నలుగురివి మామూలుగానే వచ్చాయి. అయిదో వేలు భాయ్‌ది. అంతకు ముందు గురువారాల్లో ఆయన ఎప్పుడూ చూపించుకోలేదు. గుచ్చి, రక్తం బొట్టు పట్టి చూస్తే మిషను మీద అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. హెచ్, ఐ.

పక్కనున్న లెక్చరరు తొంగిచూసి, “అరె, భాయ్‌కి మిషన్ హాయ్ చెప్తాంది” అన్నాడు. టెంటంతా నవ్వింది. భాయ్ కూడా నవ్వి మిషను వైపు చెయ్యెత్తి, “వాలేకుం సలాం” అన్నాడు. ఇంకా నవ్వాం. ఆయన సీసాలో మిగిలిన నీళ్లు గటగట తాగి, “ఒక్క నిమిషం, ఇప్పుడే అస్త” అని లేచి ల్యాబు వెనక్కి వెళ్లాడు. పొద్దుటి నుంచి అలా వెళ్లడం ఎన్నోసారో నేను లెక్కపెట్టలేదు కానీ అరగంటకోసారి వెళుతున్నాడని మాత్రం గమనించాను.

నేను ఆఫీసుకు వచ్చి మిషనుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం తీశాను. ఆ రెండు అక్షరాలకు అర్థం అందులో ఉంది. చక్కెర మిషను కొలవగలిగే దానికంటే ఎక్కువగా ఉందని. దాని కింద ఇంకో వాక్యం ఉంది. వెంటనే డాక్టరును కలవమని.

ఆ రెండో వాక్యం నేను చదివాను. చదవలేదని మొదటిసారి రాసినప్పుడు రాశాను. చించేశాను. చదివాను. చదివి, అది జబ్బు మనుషుల గురించి అనుకున్నాను. భాయ్ జబ్బు మనిషి కాదు, నవ్వుతున్నాడు, సలాం కొడుతున్నాడు. ఖాళీ కడుపులో చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది? తింటేనే వస్తుంది. ఉపాసం ఉన్న మనిషికి రాదు. కనుక ఈయన ఉపాసం లేడు. అరగంటకోసారి ల్యాబు వెనక్కి ఎందుకు పోతున్నాడో అప్పుడు తెలిసిందనుకున్నాను. నోటు పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో ఆయన పేరు ఉంది, కుడి పేజీలో దానికి ఎదురుగా ఈ హెచ్, ఐ. రెండింటి పైనా ఒకటే మాట. ఒక పేజీ ఇంకో పేజీని దొంగగా పట్టించినట్టు కనిపించింది.

నా బుర్ర అంత తొందరగా అటువైపే ఎందుకు పరిగెత్తిందో చెప్పకపోతే ఇది కూడా చించాల్సిందే.

అంతకు ముందు వారం టెంటులో కూర్చున్న ఐదుగురిలో నేనొకణ్ణి. ఆరోజు పొద్దున నా భార్య సంచిలో సర్వప్ప పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, వెల్లుల్లి, కారం కలిపి గిన్నెకు ఒత్తి కాల్చేది. “అద్దు, దీక్షల కూసుంటున్న” అన్నాను. “ఉండనియ్యి. కండ్లు తిరిగి పడితే ఎవలు చూస్తరు? ఉద్యమం నీ ఒక్కని మీదనే ఆగిందా?” అంది. మధ్యాహ్నం రెండింటికి ఒక ఫైలు కావాలని చెప్పి టెంటులోంచి లేచాను. పాత రికార్డుల గదికి వెళ్లి తలుపు దగ్గరికి వేసి, రెండు సర్వప్పలు నిలబడే తిన్నాను. పాత జవాబు పత్రం ఒకటి చించి చేతులు తుడుచుకున్నాను. వెనక్కి వచ్చి అందరికంటే గట్టిగా జై తెలంగాణ అన్నాను. సాయంత్రం నిమ్మరసం తాగుతూ ఫొటో దిగాను. ఆ ఫొటోలో నా మెడలో బంతిపూల దండ ఉంది.

దొంగకు ఊరంతా దొంగలే అంటారు. నేను తిన్నాను కనుక ఆయనా తిన్నాడు. అంతకు మించి నా దగ్గర సాక్ష్యం లేదు.

ఆ నెల కొస ముచ్చటలో ఇలా రాశాను: ‘మన శిబిరంలో ఒకాయన ఉపాసానికి మిషను కూడా హాయ్ చెప్పింది. అరగంటకోసారి ల్యాబు వెనక్కి పోయే ఈ ఉపాసం పేరు తీపి ఉపాసం.’

పేరు రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు. మధ్యాహ్నానికల్లా క్యాంటీనులో ఆ మాట తిరుగుతోంది. ఆయన టీ తెచ్చుకోవడానికి వస్తే ఎవరో, “భాయ్, నీకు చక్కెర ఏసియ్యాల్నా, ఉపాసమేనా?” అన్నారు. ఇంకెవరో, ఎవరో నేను చెప్పను, ఆ మనిషి ఇప్పుడు లేడు, “మరి రంజాన్ల రోజా గూడ గిట్లనేనా?” అన్నారు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాను. భాయ్ టీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆ నెల కాగితం ఉంది. మడత కూడా పడకుండా పట్టుకొచ్చాడు.

“ఎడిటర్ సాబ్, గిది నా ముచ్చటేనా?”

“పేరు రాయలే గద భాయ్. నవ్వులకు రాసిన.”

“నేనేం తినలే.”

“తిన్నవని నేనన్ననా?”

“నీళ్లు తాగుతున్న. మస్తు దూపయితాంది, గీ నడుమ. తాగితే పోవాల్సి అస్తాంది. గంతే” అన్నాడు. కాగితం నా బల్ల మీద పెట్టి, దాని మీద నా పేపర్‌వెయిట్ పెట్టి వెళ్లాడు.

దాహం, మూత్రం. నా ముందు నిలబడి జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పాడాయన. ఆరోగ్య కార్యక్రమం బాధ్యుణ్ణి నేను. ఆ రెండు మాటలూ గోడకు అంటించిన ఆరోగ్య సూచనల్లో నా చేతిరాతతోనే ఉన్నాయి. నా తల వెనక గోడకే.

తర్వాతి వారం టెంటు జాబితా తయారవుతుంటే మా ఉద్యోగుల సంఘం కన్వీనరు, మంచి మనిషే, హిస్టరీ లెక్చరరు, “భాయ్‌ని గీ నెల తీసెయ్యి. పేపరోల్ల చెవిల పడితే అందరి దీక్ష మీద మాట అస్తది” అన్నాడు. ఆయన పేరు మీద నేనే గీత గీశాను. స్కేలు పెట్టి గీశాను.

ఆ మాట భాయ్ చెవిన పడింది. మర్నాడు సెలవు పెట్టి కోరుట్ల నుంచి పొద్దున బస్సుకే వచ్చాడు. టెంటులోకి రాలేదు. గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల జిరాక్సు షాపు అరుగు ఉంటుంది. దాని మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఐదింటికి లేచి వెళ్లిపోయాడు. నిమ్మరసం లేదు, దండ లేదు. రెండో రోజూ అంతే. ఈసారి నీళ్ల సీసా కూడా పక్కన లేదు. ఒక్కసారి కూడా లేవలేదు. మా మధ్య రోడ్డు ఉంది, బస్సులు పోతున్నాయి, బస్సు అడ్డం తప్పుకున్నప్పుడల్లా ఆయన కనబడుతున్నాడు. నేను ఆఫీసులో కూర్చోలేకపోయాను. కిటికీ దగ్గరికి, బల్ల దగ్గరికి, మళ్లీ కిటికీ దగ్గరికి. నా మీద కోపంతోనే కూర్చున్నాడని నాకు తెలుసు. నేను రాసింది అబద్ధమని నాకు చూపించడానికే కూర్చున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం జిరాక్సు షాపు అతను అరిచాడు. భాయ్ అరుగు మీద పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. టెంటులో ఉన్న ఐదుగురూ పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. ఆటోలో వేసుకుని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోయాం. ఆటోలో ఆయన తల నా ఒళ్లో ఉంది. నోటి నుంచి పండిన పండు వాసన లాంటిది వస్తోంది. నేను ఆ వాసన గురించి కూడా అప్పుడు తప్పుగానే అనుకున్నాను. సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నాను. ఏదో తిన్నట్టున్నాడు అనుకున్నాను. చక్కెర హద్దు మీరితే వచ్చే వాసన అదని తర్వాత తెలిసింది.

ఆస్పత్రిలో గురువారాలు మా కాలేజీకి వచ్చే నర్సమ్మే ఉంది. చక్కెర చూసి తలెత్తి, “గీయనకు షుగరున్నదని మీకు ఎర్క లేదా? గురువారం గురువారం నేనస్తుంటె గీయన్ని ఎందుకు చూపియ్యలే?” అంది. “ఖాళీ కడుపు మీద ఎక్కువున్నదంటెనే బీమారి సార్. తిన్నోనికి పెరిగితె ఏం పెద్ద ముచ్చట? తిననోనికి పెరుగుడే బీమారి.”

అంతే. ఒక్క వాక్యంలో చెప్పేసింది. సర్క్యులర్‌లో పన్నెండు పేజీలు ఉన్నాయి, ఆ వాక్యం కోసం మళ్లీ వెతికాను. ఉంది.

ఆయన బతికాడు. కానీ ఎడమ పాదానికి ఎప్పటిదో గాజుపెంకు గాయం మానకుండా ఉందట. ల్యాబులో పగిలిన బీకరు. అది చెడి, రెండు వేళ్లు తీసేశారు. తర్వాతి నెల ‘క్యాంపస్ ముచ్చట్లు’లో ‘మన సహోద్యోగి త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం’ అని రాశాను. పెద్ద అక్షరాలతో, చుట్టూ గీత గీసి. సవరణ రాయలేదు. సవరణ రాస్తే, మరి నీకెందుకు అనుమానం వచ్చిందని ఎవరైనా అడుగుతారని భయం. ఎవరూ అడిగేవారు కాదని ఇప్పుడు తెలుసు. కొస ముచ్చట మాత్రం మానేశాను. జనం రెండు నెలలు అడిగి మరిచిపోయారు.

భాయ్ డ్యూటీకి తిరిగొచ్చాడు. కుంటుతూ నడిచేవాడు. నాతో మాట్లాడేవాడు, సెలవు గురించి, సర్వీసు పుస్తకం గురించి. ‘ఎడిటర్ సాబ్’ అనడం మాత్రం ఆపేశాడు. ‘సార్’ అనేవాడు. రాష్ట్రం వచ్చిందన్న రోజు గేటు దగ్గర జిలేబీలు పంచారు. అందరం ఒకరినొకరు పట్టుకుని గంతులేస్తున్నాం. ఎవరో ఆయన చేతిలోనూ ఒకటి పెట్టారు. దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చి నా చేతిలో పెట్టాడు. “నువ్వు తిను సార్. నాకు పడది.” ముఖంలో ఎత్తిపొడుపు లేదు. సంతోషంగానే ఉన్నాడు. ఆ జిలేబీ తిన్నానో పారేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఆయన రిటైరై సిరిసిల్లలో బిడ్డ దగ్గర ఉంటున్నాడని విన్నాను. ఏళ్లు గడిచాయి. క్రితం ఏడాది మా ఆఫీసులో మళ్లీ ఆరోగ్య శిబిరం పెట్టారు. ఇప్పుడు దానికి వేరే పెద్ద పేరుంది. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లాను. రక్తం తీసిన అమ్మాయి కాసేపటికి పిలిచింది.

“తిని అచ్చినవా సార్?”

“లేదమ్మా.”

“ఛాయన్న తాగినవా?”

“లేదు.”

“నిజం చెప్పు సార్. ఏం తినకుంటె గింత ఎట్లస్తది?”

ఏం లేదు, తాగలేదు అని మూడోసారి చెప్పాను. ఆమె నవ్వింది. నమ్మలేదు. కొత్తగా చేరిన పిల్ల.

ఆ తర్వాత రాత్రుళ్లు సరిగా నిద్ర లేదు. డాక్టరు పొద్దున నడవమన్నాడు. నడుస్తుంటే కాళ్లు బస్టాండు వైపే పోతున్నాయి. రెండుసార్లు వేములవాడ దాకా వెళ్లి దిగి తిరుగు బస్సెక్కాను. మూడోసారి సిరిసిల్లలో దిగాను.

ఆ వీధిలో రెండు వైపులా సాంచాలు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. వాటి చప్పుడులో ఇల్లు అడగాలంటే అరవాలి. భాయ్ బిడ్డ ముందు గదిలో నాలుగు మిషన్లు పెట్టి ఆడవాళ్ల చేత లంగాలు కుట్టిస్తోంది. జగిత్యాల కాలేజీ నుంచి వచ్చానని చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది.

“ఎవలు, తీపి ఉపాసం సారా?”

ఆ ఇంట్లో అన్నేళ్లుగా ఆ పేరు నాది. ఆయనకు నేను పెట్టాననుకున్న పేరు.

“అబ్బా, నీ ఎడిటర్ సాబ్ అచ్చిండు” అని లోపలున్న తండ్రికి కేకేసింది. కుర్చీ వేసింది. ఛాయ్‌లో చక్కెర వేయాలా వద్దా అని అడిగింది. వద్దన్నాను. ఆమె “నీక్కూడనా?” అంది. తలూపాను.

భాయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా సన్నబడ్డాడు. అటూ ఇటూ మాటలేవీ లేకుండా నేను మొదలుపెట్టాను. ఆగితే లేచి వెళ్లిపోతానని నాకు తెలుసు. మిషను, పుస్తకం, రెండో వాక్యం, అన్నీ చెప్పాను. తర్వాత రికార్డు గది చెప్పాను. ఆ వారం టెంటులోంచి లేచి వెళ్లి తిన్నది నేనని చెప్పాను.

“నాకెర్కనే” అన్నాడు.

సాంచాల చప్పుడులో ఆయన సరిగా వినలేదేమో అనుకున్నాను.

“సర్వప్ప. రికార్డు రూము ఎన్క కిటికీ నా ల్యాబులకే గద తెరుసుకుంటది. నువ్వులు, ఎల్లిపాయ వాసన. గ్యాసు లీకయితేనే పట్టేటోన్ని, సర్వప్ప పట్టనా?”

“మరి అప్పుడెందుకు చెప్పలే భాయ్? నీ మీద మాట అచ్చినప్పుడు?”

“నీకాకలైంది, తిన్నవ్. దానికి దండోరా ఎందుకు? నేను గూడ నీ లెక్కనే కాయితం అంటియ్యాల్నా?”

ఏమైనా చేయమంటే చేస్తానన్నాను. వైద్యం ఖర్చో, ఇంకేదో అనబోతే చేత్తో ఆపేశాడు.

“అవన్ని నా బిడ్డ చూస్కుంటది. నువ్వు బోర్డు మీద పెట్టినవ్ గద, బోర్డు మీదనే పెట్టు.”

“గా బోర్డు లేదిప్పుడు భాయ్. బిల్డింగు గూడ మారింది. ముచ్చట్ల కాయితం ఎప్పుడో బందయింది.”

“మరి పది మంది సదివేకాడ యాడన్న రాయి. రాసుడు అస్తది గద నీకు. నా పేరు రాయకు. అప్పుడు గూడ రాయలే గద. అయినా అందరికి సమజయింది. ఇప్పుడు గూడ అయితది.”

అందుకే ఇందులో ఎవరి పేర్లూ లేవు.

నిన్న ఇదంతా పూర్తిచేసి ఆయనకు ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఉన్నాడా లేడా అని ఆపి అడిగాను. “సదువు” అన్నాడు. అయిపోయేదాకా వెనక సాంచాల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“ఒక్కటి తప్పు రాసినవ్” అన్నాడు.

“ఏంది భాయ్?”

“నీ మీద కోపంతోని కూసున్ననని రాసినవ్. నీకు చూపెట్టుటానికి అని. నీకేం చూపెట్టేదున్నది నాకు? నేను కూసున్నది తెలంగాణ కోసం. టెంటుల జాగ ఇయ్యకుంటే అరుగు మీద కూసున్న. మీరంత దేనికి కూసున్నరో నేను గూడ దానికే కూసున్న.”

నేను ఆ పేజీ కోసం వెనక్కి తిప్పాను.

“నీళ్లు ముట్టంది మాత్రం నీ వల్లనే” అన్నాడు. “తాగితే లేవాలె. లేస్తే మల్ల రాస్తవని. గది ఉంచు. కోపం ముచ్చట దిద్దు.”

పైన ఆ వాక్యాన్ని కొట్టేయడానికి పెన్ను తీశాను. కొట్టేయలేదు. మళ్లీ నా అనుమానాన్నే ఆయన మనసుగా రాశానని అక్కడ కనబడాలి. కనుక ఇక్కడ దిద్దుతున్నాను.

సవరణ: ఆ గురువారం శిబిరంలో కూర్చున్న కెమిస్ట్రీ ల్యాబు అటెండరు ఏమీ తినలేదు. తర్వాత ఎదుటి అరుగు మీద ఆయన ఉన్న మూడు రోజుల ఉపాసం తెలంగాణ కోసం. అంతకు ముందు వారం రికార్డు గదిలో తిన్నది ఇది రాసినవాడు.